ఒంటె, సూది బెజ్జం: ఆరేళ్ళు తప్పు చెప్పాను, ఇక ఏ నేపథ్యం నమ్మాలి?

బెంచీ_మాష్టారు

ఆరేళ్ళుగా సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు నాది. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూది బెజ్జంలో దూరడం సులభం అని యేసు చెప్పిన మార్కు 10:25 వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక బొమ్మ వేస్తాను. కోట గోడ, పెద్ద ద్వారం, పక్కనే ఒక చిన్న ద్వారం. చీకటి పడ్డాక పెద్ద ద్వారం మూసేస్తారు. ఆలస్యంగా వచ్చిన ఒంటె మూటలన్నీ దించేసి, మోకాళ్ళ మీద పాకుతూ ఆ చిన్న ద్వారంలోంచి లోపలికి వస్తుంది. "ఆ ద్వారం పేరే సూది బెజ్జం" అనగానే పిల్లల కళ్ళు పెద్దవవుతాయి. ధనవంతుడు కూడా మూటలు దించుకుని మోకరించి రావాలి. ఎంత చక్కగా అతికింది!

మొన్న నేను ఒంటె మోకాళ్ళు గీస్తుంటే వెనక బెంచీ నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది, "సర్, ఆ ద్వారం యెరూషలేములో ఏ వైపు ఉండేది?" తెలియదమ్మా, చూసి చెబుతానన్నాను. వారమంతా వెతికాను. మొదటి శతాబ్దంలో అలాంటి ద్వారం ఉన్నట్టు ఆధారమే లేదు. కథ పుట్టింది మధ్యయుగాల్లో.

బాధ ఒంటె గురించి కాదు. నాకు తెలిసిన "చారిత్రక నేపథ్యం" అంతా ఇలా విన్నదే. ప్రసంగంలో విన్నాను, నోట్సులో రాసుకున్నాను, పిల్లలకు చెప్పాను. అందులో ఎంత నిజం? ఎలా తేల్చుకోవాలి?

నిద్రపోయిన_ఐతుకు

మూటలు దించినా మూపురం దించలేదు కదా మాష్టారూ. నాకు చిన్నప్పటి నుంచీ అదే డౌటు.

బెరయవాడు

ఈ ఒక్కదానికి చరిత్ర పుస్తకాల దాకా పోనక్కర్లేదు. కింది రెండు వచనాలు చదవండి. శిష్యులు "అత్యధికముగా ఆశ్చర్యపడి", అట్లయితే ఎవడు రక్షణ పొందగలడు అని అడిగారు. మూటలు దించితే దూరిపోయే ద్వారమైతే అంత కంగారు దేనికి? "సరే, దించేద్దాం" అనేవారు. యేసు జవాబు కూడా "ఇది మనుష్యులకు అసాధ్యమే" అని. కష్టం అనలేదు, అసాధ్యం అన్నాడు.

కాలంలో తర్వాతిదే అయినా బబులోను తల్ముదు అనే యూదు గ్రంథంలో ఏనుగు సూది బెజ్జంలో దూరడం అన్న మాట ఉంది, కలలో కూడా జరగని దానికి పోలికగా. అక్కడ ఏనుగు, ఇక్కడ ఒంటె. ఆయన నవ్వు పుట్టేలా పెద్ద అతిశయోక్తి వాడితే మనం కూర్చుని దానికి గుమ్మం కట్టాం.

తోమా_తమ్ముడు

గ్రీకులో అది కమెలోస్ కాదు కమిలోస్, అంటే ఓడ తాడు అని ఒకాయన చెప్పాడే?

బెరయవాడు

కొద్ది ప్రతుల్లో ఆ స్పెల్లింగ్ ఉంది, అవీ తర్వాతి కాలానివి. అయినా ఓడ తాడు మాత్రం సూదిలో దూరుతుందా తమ్ముడూ?

వాక్యమే_చాలు

ఇందుకే నేను ఈ నేపథ్యాల జోలికి పోను. మా నాయనమ్మకు పాతకాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో ఎవరో తెలియదు, గ్రీకు తెలియదు. ఒక్క బైబిలు, కళ్ళద్దాలు, అంతే. మన అందరికంటే బాగా బతికింది. దేవుడి మాట అర్థం కావాలంటే తవ్వకాల రిపోర్టు కావాలంటే అది పండితుల పుస్తకం అయిపోతుంది. మాష్టారు గారికి జరిగిందేమిటి? వాక్యంలో లేని ద్వారం తెచ్చి పెట్టారు, అది కూలింది.

పరిగె_ఏరే_రూతు

వాక్యమే_చాలు అన్నయ్యా, నాయనమ్మ మీద నాకు గౌరవమే. కానీ నేపథ్యం చెప్పే అలవాటు బైబిల్లోనే ఉంది, అదెవరూ బయటి నుంచి తేలేదు. రూతు 4:7 చూడండి. ఊరి గుమ్మం దగ్గర బోయజు వ్యవహారం నడుస్తుండగా రచయిత కథ ఆపి, పూర్వం ఇశ్రాయేలులో బేరం ఖాయం చేసుకోవాలంటే చెప్పు తీసి ఇచ్చేవారు అని వివరిస్తాడు. ఎందుకు? తన పాఠకులకు అప్పటికే ఆ ఆచారం తెలియదు కాబట్టి. మార్కు 7లో చేతులు కడుక్కోవడం గురించి రెండు వచనాలు వివరణ. యోహాను 4:9లో యూదులు సమరయులతో సాంగత్యం చేయరని పక్క మాట. 1 సమూయేలు 9:9లో ఇప్పుడు ప్రవక్త అంటున్నవాడిని పూర్వం దీర్ఘదర్శి అనేవారని పదకోశంలా ఒక వాక్యం.

ఆ కాలం వాళ్ళకే ఫుట్‌నోట్ కావాల్సి వచ్చింది. మనకు అక్కర్లేదా?

ఇంకో మాట. నాయనమ్మ చదివింది తెలుగు బైబిలు. అనువాదం చేసినవాళ్ళు ఆమె తరఫున వెయ్యి చోట్ల నేపథ్యం తేల్చి పెట్టారు. ఆ శ్రమ ఆమెకు కనబడలేదంతే.

వాక్యమే_చాలు

లోపల ఉన్న వివరణ వేరు, బయటి నుంచి తెచ్చింది వేరు. రూతు 4:7 కూడా వాక్యమే కదా. అనువాదం పాయింటు మాత్రం ఆలోచించాల్సిందే.

నిద్రపోయిన_ఐతుకు

ఆలోచిస్తానన్నాడు. ఈ వేదిక చరిత్రలో మొదటిసారి.

మార్త_వంటిల్లు

ఇంకేవి కూలిపోతాయో ముందే చెప్పేయండి, ఒకేసారి ఏడ్చేస్తాను. ప్రధాన యాజకుడు దేవాలయం లోపలి గది, అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్ళేటప్పుడు కాలికి తాడు కట్టేవారు, లోపల చనిపోతే లాగడానికి. అది?

బెరయవాడు

కూలింది. నిర్గమకాండంలో లేదు, లేవీయకాండంలో లేదు, మిష్నా అనే పాత యూదు నియమాల సంకలనంలో లేదు. ఆ తాడు కనబడేది జోహారులో, అంటే 13వ శతాబ్దంలో బయటికొచ్చిన యూదు మార్మిక గ్రంథంలో. దేవాలయం క్రీ.శ. 70లోనే పోయింది. మధ్యలో పన్నెండు వందల ఏళ్ళు ఆ తాడు ఎవరికీ కనబడలేదు.

మార్త_వంటిల్లు

అయ్యో. దాని మీద మా ఆయన ఒక పాట కూడా కట్టాడు.

తోమా_తమ్ముడు

నరకం గురించి కూడా ఒకటుంది. యేసు నరకానికి వాడిన మాట గెహెన్నా అంటే యెరూషలేము బయట ఎప్పుడూ మండుతుండే చెత్త కుప్ప అని. ఇది నిజమేనా?

పరిగె_ఏరే_రూతు

లోయ నిజం, చెత్త కుప్ప అనుమానం. గెహెన్నా అన్న పేరు వచ్చిన హిన్నోము లోయ పట్టణానికి దక్షిణాన ఉంది, ఇప్పటికీ వెళ్ళి చూడొచ్చు. ఆరని చెత్త మంట గురించి రాసినవాళ్ళలో మనకు దొరికే తొలి మనిషి సుమారు 1200 నాటి రబ్బీ డేవిడ్ కిమ్హి. ఆయన ఉన్నది ఫ్రాన్సు దక్షిణాన. మొదటి శతాబ్దపు చెత్త కుప్ప తవ్వకాల్లో నిజంగానే దొరికింది, కానీ అది తూర్పున కిద్రోను లోయ వైపు వాలులో.

అసలు నేపథ్యం చెత్త కంటే భయంకరం. యిర్మీయా 7:31 చదవండి. ఆ లోయలో తోఫెతు దగ్గర తమ కొడుకులనూ కూతుళ్ళనూ అగ్నిలో దహించారు. 2 రాజులు 23:10లో యోషీయా రాజు దాన్ని అపవిత్రం చేశాడు. యేసు నోట ఆ లోయ పేరు వినగానే యూదులకు గుర్తొచ్చేది కాల్చిన పిల్లలు, దానికి యిర్మీయా చెప్పిన తీర్పు. చెత్త కుప్ప కథ దాన్ని మునిసిపాలిటీ సమస్యగా మార్చేసింది.

బెంచీ_మాష్టారు

ఆ చివరి వాక్యం రాసిపెట్టుకున్నాను. ఇక్కడ ఒకటి గమనించాను. అబద్ధపు నేపథ్యాలు రెండూ వాక్యాన్ని మెత్తబరిచాయి. ఒంటె దూరిపోయింది, నరకం చెత్త కుప్ప అయిపోయింది. ఇది గుర్తు పట్టడానికి పనికొస్తుందా?

బెరయవాడు

అనుమానించడానికి పనికొస్తుంది. నిర్ణయించడానికి కాదు. యాజకుడి తాడు దేన్నీ మెత్తబరచలేదు, అయినా అబద్ధమే.

గొట్టాల_ఇంజినీర్

నీళ్ళ పైపులే నా ఉద్యోగం. ప్రాచీన పట్టణం లవొదికయ గురించి నేను నోరు విప్పకపోతే నాకు అన్నం అరగదు.

ప్రకటన గ్రంథం 3:15లో లవొదికయ సంఘానికి చెప్పిన మాట, "చల్లగానైనను వెచ్చగానైనను ఉండిన మేలు". ప్రసంగాల్లో నేను విన్న అర్థం ఒకటే. వెచ్చన అంటే భక్తి, చల్లన అంటే అవిశ్వాసం, నులివెచ్చన అంటే రెండు పడవల మీద కాళ్ళు. అవిశ్వాసమైనా మేలే అని దేవుడు అంటాడా అని నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

ఇప్పుడు మ్యాపు చూడండి. లోయకు ఉత్తరాన, పది కిలోమీటర్ల దూరంలో హియెరాపొలి. అక్కడ వేడి నీటి ఊటలు, ఇప్పటి టర్కీలో పముక్కలే అదే. తూర్పున కొలొస్సయి, కొండ నుంచి దిగే చల్లటి నీళ్ళు. వేడి నీళ్ళు ఒళ్ళు నొప్పులకు మంచివి, చల్లవి దాహానికి మంచివి. రెండూ మంచివే! మధ్యలో లవొదికయ, నీళ్ళు దూరం నుంచి గొట్టాల్లో తెచ్చుకునే పట్టణం.

ఆ గొట్టాలు రాతి దిమ్మెలు, మధ్యలో తొలిచినవి. విరిగిన దిమ్మె ఫోటో ఒకటి చూశాను. లోపలి అంచు చుట్టూ సున్నం పొర మీద పొర కట్టి, నరికిన మానులో వలయాల్లా ఉంది. నీళ్ళు పోయే దారి మధ్యలో చిన్న చిల్లుగా మిగిలింది. మా డిపార్ట్‌మెంట్‌లో ఇలాంటి పైపు చూస్తే మార్చమని ఫైలు పెడతాం, పదేళ్ళకు మారుస్తారు. అక్కడ క్రీ.శ. 114 నాటి నీటి నిబంధనల శాసనం కూడా దొరికింది. నీళ్ళు దొంగిలించినా గొట్టాలు పాడుచేసినా దేనారాల్లో జరిమానా.

ఒక్క తప్పు మాత్రం సరిచేయాలి, ఎందుకంటే ప్రసంగాల్లో ఇది కూడా తిరుగుతోంది. హియెరాపొలి వేడి నీళ్ళే గొట్టాల్లో లవొదికయకు వచ్చేసరికి చల్లారి నులివెచ్చన అయ్యేవని. కాదు. గొట్టాల వరుస వచ్చింది దక్షిణం నుంచి, హియెరాపొలి ఉన్నది ఉత్తరాన.

మార్త_వంటిల్లు

వేడీ మంచిదే, చల్లనిదీ మంచిదే. ఇది అర్థం కావడానికి నాకు మ్యాపు ఎందుకు? ఎండలో వచ్చినవాడికి నులివెచ్చని నీళ్ళు ఇచ్చి చూడండి, మొహం ఎలా పెడతాడో.

పరిగె_ఏరే_రూతు

మార్తక్క సరదాగా అన్నా, పండితుల్లో కొందరి వాదన అదే. ఆ కాలపు విందుల్లో ద్రాక్షారసం చల్లబరిచి ఇచ్చేవారు, లేదా వేడి చేసి ఇచ్చేవారు. నులివెచ్చనిది ఎవరికీ నచ్చదు. కాబట్టి లవొదికయ గొట్టాలతో పనే లేదు, ఆసియాలో ఏ సంఘానికి రాసినా అర్థమయ్యేది అంటారు. అది 3:20లో తలుపు తట్టి లోపలికొచ్చి భోజనం చేయడంతో కూడా కలుస్తుంది.

గొట్టాల_ఇంజినీర్

నా గొట్టాలు తీసేయకండి మేడం 😄. సరే, ఏ దారిన వెళ్ళినా "చల్లన అంటే అవిశ్వాసం" అన్నది మాత్రం నిలబడదు కదా.

పరిగె_ఏరే_రూతు

నిలబడదు. నాకు గొట్టాల కంటే భూకంపం గట్టి ఆధారం అనిపిస్తుంది. క్రీ.శ. 60లో లవొదికయ కూలింది. రోము సాయం లేకుండా సొంత డబ్బుతోనే మళ్ళీ లేచిందని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ పక్కన 3:17 పెట్టి చదవండి. "నేను ధనవంతుడను, ధనవృద్ధి చేసియున్నాను, నాకేమియు కొదువలేదు." ఆ పట్టణం గొంతే వినబడుతుంది.

వాక్యమే_చాలు

ఇది బాగుంది. ఒప్పుకుంటున్నాను. కానీ నా అసలు భయం చెప్పనివ్వండి. ఈ దారిలో వెళ్ళినవాళ్ళు చివరికి తమకు నచ్చని ప్రతి వాక్యాన్నీ "అది ఆ కాలానికి" అని పక్కన పెడతారు. 1 కొరింథీ 11లో ప్రార్థనప్పుడు స్త్రీలు తల మీద వేసుకునే ముసుకు సంగతి. వెంటనే కథ రెడీ: కొరింథులో వెయ్యిమంది దేవాలయ వేశ్యలు, వాళ్ళు తల గొరిగించుకుని తిరిగేవారు, అందుకే పౌలు అలా రాశాడు, మనకు వర్తించదు. అంతేనా?

మార్త_వంటిల్లు

ముసుగు టాపిక్ వచ్చింది. ఇక థ్రెడ్ వంద దాటుతుంది.

బెరయవాడు

వాక్యమే_చాలు బ్రదర్, ఈసారి నేను మీ పక్షం. వెయ్యిమంది సంగతి స్ట్రాబో రాసింది పాత కొరింథు గురించి. ఆ పట్టణాన్ని రోమీయులు క్రీ.పూ. 146లోనే నాశనం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్ళీ కట్టించింది రోమా కాలనీని. పౌలు నడిచింది ఈ రెండో పట్టణంలో. పాత పట్టణం విషయంలోనే ఆ లెక్కను చాలామంది నమ్మరు. గొరిగిన తలల వేశ్యలకు ఆధారం ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

గట్టిగా తెలిసింది ఇంకోటి. రోమా మగవాళ్ళు బలి అర్పించేటప్పుడు పైబట్ట కొంగు తల మీదికి లాక్కునేవారు. కొరింథు తవ్వకాల్లో అలా తల కప్పుకున్న ఔగుస్తు చక్రవర్తి విగ్రహమే దొరికింది. ఇప్పుడు 11:4 చదవండి. పౌలు ముందు మందలించేది మగవాళ్ళను! తలమీద ముసుకు వేసుకుని ప్రార్థన చేసే పురుషుడు తన తలను అవమానపరుస్తాడని. ఊళ్ళో పెద్దమనుషులు దర్జాగా చేసే పనిని వద్దంటున్నాడు. ఆ వచనం మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు.

పరిగె_ఏరే_రూతు

11:5లో ఇంకోటి కూడా జారిపోతుంది. స్త్రీ సంఘంలో ప్రార్థన చేస్తోంది, ప్రవచిస్తోంది. అది పౌలుకు వింత కాదు. తల మీద ఏముందన్నదే చర్చ. మనం గుడ్డ గురించి కొట్టుకుంటూ ఆమె మాట్లాడుతోందన్నది మరిచిపోయాం.

వాక్యమే_చాలు

అంటే ముసుగు వేసుకోవాలా వద్దా?

పరిగె_ఏరే_రూతు

నేను వేసుకుంటాను. మా చెల్లి వేసుకోదు. వెయ్యిమంది వేశ్యల కథతో ఇద్దరం గెలవలేం, అంతవరకే చెప్పగలను.

తోమా_తమ్ముడు

మంచి సమరయుడి కథలో, దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడు పక్కగా పోయింది శవాన్ని ముట్టుకుంటే అపవిత్రుడవుతాడని అంటారు. ఇదైనా ఉంచుతారా?

బెరయవాడు

సగం ఉంచుతాను. శవం వల్ల అపవిత్రత సంఖ్యాకాండం 19లో ఉంది. కానీ గ్రీకులో ఆ యాజకుడు యెరికో దారిలో "దిగి" వెళుతున్నాడు. యెరికో చాలా పల్లంలో ఉంది, అంటే దేవాలయం వెనక్కి వదిలేసి వస్తున్నాడు. సేవకు వెళుతూ ఉంటే ఆ సాకు సరిపోయేది. పైగా దిక్కులేని శవం కనబడితే ప్రధాన యాజకుడు కూడా పాతిపెట్టాలనే నియమం మిష్నాలో ఉంది. ఆ మనిషేమో చావనే లేదు, కొనప్రాణంతో ఉన్నాడు.

లూకా కారణం చెప్పలేదు. మనం యూదు ధర్మశాస్త్రం మీదికి నెట్టేశాం. యూదులను నల్లగా పూస్తే యేసు తెల్లగా కనబడతాడన్న అలవాటు ఇలాంటి "నేపథ్యాల్లో" చాలా ఉంది, అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మార్త_వంటిల్లు

సమరయుడి దగ్గర మన తెలుగు అనువాదం మాట ఒకటి నాకు చాలా ఇష్టం. గాయపడినవాణ్ణి "పూటకూళ్లవాని యింటికి" తీసుకెళ్ళాడు. ఎంత ముద్దుగా ఉందో.

పరిగె_ఏరే_రూతు

అక్కా, మీకు తెలియకుండానే పెద్ద తాళం తీశారు. ఆ పూటకూళ్ళ ఇల్లు గ్రీకులో పందొఖెయొన్, డబ్బిచ్చి ఉండే చోటు. లూకా 2:7లో యేసు పుట్టినప్పుడు "సత్రములో స్థలము లేనందున" అంటాం కదా, అక్కడ మాట అది కాదు, కతాలుమా. అదే మాట లూకా 22:11లో పస్కా గది గురించి వస్తుంది, అక్కడ మన తెలుగులో "విడిది గది". లూకాకు పూటకూళ్ళ ఇంటికి మాట తెలుసు, పుట్టుక దగ్గర కావాలనే వాడలేదు. విడిది గదిలో చోటు లేదు, అందుకే పశువుల తొట్టి దగ్గర. ఆ కాలపు ఇళ్ళలో పశువులను రాత్రి ఇంట్లోనే ఒక పక్క కట్టేసేవారు, తొట్టి అక్కడే. అంటే బంధువుల ఇల్లు కిటకిటలాడి ఉండొచ్చు.

నిద్రపోయిన_ఐతుకు

అయితే క్రిస్మస్ నాటికలో తలుపు మూసేసే సత్రం యజమాని వేషం?

పరిగె_ఏరే_రూతు

లూకాలో ఆయన లేడు. ఉద్యోగం పోయింది.

నిద్రపోయిన_ఐతుకు

అది నా వేషం. వరసగా నాలుగేళ్ళు.

మౌనంగా_చదివేవాడు

రెండేళ్ళుగా ఈ వేదిక చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. ఉద్యోగం పోయినప్పుడు నాకు పదకొండు మంది యిర్మీయా 29:11 పంపారు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." లెక్కపెట్టాను, పదకొండు. నెల, మూడు నెలలు, ఎనిమిది నెలలు. ఆ వాక్యం చూస్తే చిరాకు వచ్చే స్థితికి వచ్చాను. ఒక రాత్రి కోపంతో అధ్యాయం మొదటి నుంచి చదివాను.

అది ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్ళకు యిర్మీయా రాసింది. వెనక 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త యిర్మీయా మెడ మీది కాడి విరిచి, రెండేళ్ళలో అందరూ ఇంటికి వచ్చేస్తారని జనం ముందు చెప్పాడు. ఎంత మంచి వార్త! యిర్మీయా ఉత్తరం దానికి జవాబు. రెండు కాదు, డెబ్భై. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్ళిళ్ళు చేసుకోండి. ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది అక్కడే చనిపోతారు. ఆ తర్వాత వస్తుంది 11వ వచనం.

నాకు పదకొండు మంది యిర్మీయా మాట పంపారు, హనన్యా అర్థంలో పంపారు. ఆ రాత్రి చిరాకు పోయింది. మర్నాడు ఇల్లు ఖాళీ చేసి చిన్న ఇంటికి మారాం, వాయిదా వేస్తూ వస్తున్న పని. ఉద్యోగం ఇంకో ఏడాదికి వచ్చింది, జీతం తక్కువ.

వాక్యమే_చాలు

ఇంత మంది వాదించిన దానికంటే ఇది నాకు ఎక్కువ తగిలింది బ్రదర్. పైగా నువ్వు బయటి పుస్తకం తెరవలేదు, వెనక పేజీ తిప్పావు. 597 తప్ప మిగతాదంతా వాక్యమే.

బెరయవాడు

ఇక్కడ మనిద్దరం కలిశాం. వెనక పేజీ తిప్పకుండా స్ట్రాబో దగ్గరికి పరిగెత్తేవాళ్ళు నాకూ నచ్చరు.

గొట్టాల_ఇంజినీర్

మాష్టారూ, ఆదివారం అయిపోయింది కదా. క్లాసులో ఏం చెప్పారు?

బెంచీ_మాష్టారు

చెప్పాను. ముందు బోర్డు మీద అదే బొమ్మ వేశాను. కోట, రెండు ద్వారాలు, ఒంటె. తర్వాత డస్టర్‌తో చిన్న ద్వారం తుడిచేశాను. ఒంటె గోడకు ముక్కు ఆనించి నిలబడిపోయింది. పిల్లలు నవ్వారు. ఆరేళ్ళు తప్పు చెప్పానని చెప్పాను. ఆ అమ్మాయికి థాంక్స్ చెబితే సిగ్గుపడిపోయింది.

తర్వాత ఒక చిన్నోడు లేచి, "మరి ఒంటె లోపలికి ఎలా వెళ్తుంది సర్?" అన్నాడు. "దేవునికి సమస్తమును సాధ్యమే" అనే 27వ వచనం చదవమన్నాను. గట్టిగా చదివి, కాసేపు బోర్డు వైపు చూసి, "అయితే ఒంటెను తుడపకండి సర్" అన్నాడు. తుడపలేదు. ఇంకా అక్కడే ఉంది.

మార్త_వంటిల్లు

నాకు ఆ పిల్లాడు కావాలి.

నిద్రపోయిన_ఐతుకు

అన్నట్టు సమాధిలో మడిచి పెట్టిన రుమాలు, "యజమాని మళ్ళీ భోజనానికి వస్తాడు" అని గుర్తు అంటారే. యోహాను 20:7. అది కూడా...?

బెరయవాడు

వేరే థ్రెడ్ పెట్టు. ముందు నీళ్ళు తాగి రా, చల్లవో వేడివో.